చిన్న గుట్టే కదా అనుకోకండి



ఒక ఉదాహరణతో ఈ పాఠం మొదలుపెడదాం. ఏప్రిల్ నెల, ఉదయం తొమ్మిదిన్నర. ముగ్గురు స్నేహితులు ఊరి బయట ఉన్న నల్లగుట్ట ఎక్కాలనుకున్నారు. "అరగంట పని" అని ముగ్గురికీ కలిపి ఒక్క లీటరు నీళ్ల సీసా పట్టుకున్నారు. సగం దూరంలోనే నీళ్లు అయిపోయాయి. పైకి చేరేసరికి వారిలో ఒకతనికి తలనొప్పి, వికారం మొదలయ్యాయి. దిగేటప్పుడు అడిగినదానికి పొంతన లేని జవాబులు చెప్పసాగాడు. తోడున్నవారు "కాసేపు కూర్చుంటే సర్దుకుంటుందిలే" అనుకున్నారు. ఆ కాసేపే ప్రాణం మీదికి తెస్తుంది. ఎందుకో చూద్దాం.

గుట్ట పుట్టుక

కడప జిల్లాలో నేడు నిప్పులు కక్కే కొండ ఏదీ లేదు. కానీ సుమారు 190 కోట్ల సంవత్సరాల క్రితం వేంపల్లె, పులివెందుల ప్రాంతంలో భూమి లోపలి నుండి కరిగిన రాయి పైకి ఉబికింది. కొంత లావాగా నేల మీద పారింది. కొంత పైకి రాలేక, రాతి పొరల మధ్య పరుపులా చొచ్చుకుపోయి అక్కడే గడ్డకట్టింది. పైనున్న పొరలు గాలికీ వానకూ అరిగిపోగా గట్టిదైన నల్లరాయి బయటపడింది. దీనిని శాస్త్రజ్ఞులు డోలరైట్ అంటారు.

పులివెందుల దగ్గర ఈ వేడి రాయి డోలమైట్ పొరలకు తగిలిన చోట రాతినార, అంటే ఆస్బెస్టాస్, ఏర్పడింది. దాని దుమ్ము పీలిస్తే ఎన్నో ఏళ్ల తరువాత ఊపిరితిత్తుల జబ్బులు, క్యాన్సర్ కూడా రావచ్చు. కనుక పోగుల్లా విడిపోయే రాయి కనబడితే పగలగొట్టకండి, పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకండి.

ఎక్కేవారికి మూడు వేడులు

మొదటిది పైనుండి వచ్చే ఎండ. రెండవది కింది నుండి వచ్చే రాతి వేడి. నల్లరాయి ఎండను బాగా పీల్చుకుంటుంది, పొద్దెక్కేసరికి చెయ్యి ఆనించలేనంతగా కాలుతుంది. మూడవది మన ఒంట్లో పుట్టే వేడి. కండరాలు ఖర్చు చేసే శక్తిలో నాలుగింట మూడు వంతులకు పైగా వేడిగానే మారుతుంది. నూరు మీటర్ల ఎత్తు ఎక్కడమంటే సుమారు 30 అంతస్తుల మెట్లు ఎక్కడం. దారి పొట్టిదే అయినా నిటారుగా ఉంటే ఆ పనంతా కొద్ది సమయంలోనే చేయవలసి వస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది.

ఈ వేడిని చెమట తగ్గిస్తుంది. మన రాయలసీమ గాలి పొడిది కాబట్టి చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది. చొక్కా తడవలేదు కదా అని చెమట పోలేదనుకుంటాము. చొక్కా మీద తెల్లని ఉప్పు చారలు కనబడితే చాలా నీరు పోయిందని గ్రహించండి.

పాటించవలసినవి

1. తెల్లవారగానే బయలుదేరండి. ఎండ ముదరకముందే కిందికి వచ్చేయండి. ఎండాకాలంలో పగటిపూట ఎక్కవద్దు.
2. ఒక్కొక్కరికి కనీసం రెండు లీటర్ల నీళ్లు ఉండాలి. దాహం వేసేదాకా ఆగక కొద్దికొద్దిగా తాగండి. ఉప్పు వేసిన మజ్జిగ, ఓ.ఆర్.ఎస్. మంచివి. సగం నీళ్లు అయిపోతే వెనుదిరగండి.
3. మాట్లాడుతూ ఎక్కగలిగినంత నెమ్మదిగానే ఎక్కండి. మాట తెగిపోతుంటే ఆగండి.
4. దిగేటప్పుడు మోకాళ్ల మీద భారం ఎక్కువ. మోకాలు కొంచెం వంచి, చిన్న అడుగులు వేయండి. చేతికర్ర వాడండి. కంత చూడకుండా చెయ్యి పెట్టవద్దు, పాములుంటాయి.
5. గుండెజబ్బు, బి.పి., షుగర్ ఉన్నవారు, మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారు ముందుగా డాక్టరును అడగండి. షుగర్ మందులు వాడేవారు బెల్లం ముక్కో చక్కెరో వెంట ఉంచుకోండి.

అహోబిలంలో ఉగ్రస్తంభం ఎక్కేవారికీ ఇవే జాగ్రత్తలు. గండికోట లోయలోకి దిగేవారు మరొకటి గుర్తుంచుకోవాలి: అక్కడ కష్టమైన ఎక్కుడు చివర్లో, అలసిపోయాక వస్తుంది.

అపాయ సూచనలు

తలనొప్పి, తల తిరగడం, వికారం, కండరాలు పట్టేయడం కనిపిస్తే నీడకు చేర్చి, పడుకోబెట్టి, నీళ్లు తాగించండి. ఇక పైకి ఎక్కనివ్వకండి.

మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ అనే భావించండి. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి ఉండవచ్చు. చెమట పడుతున్నా అది వడదెబ్బ కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. వాహనం వచ్చేవరకు ఊరుకోకండి. బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు చల్లి, తువ్వాలుతో విసరండి. మెడకు, చంకలకు, గజ్జలకు తడిగుడ్డ పెట్టండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. జ్వరం మాత్ర ఈ వేడిని తగ్గించదు.

ఛాతీలో నొప్పి పుట్టి దవడకో చేతికో పాకితే, చల్లని చెమటలు పడితే అడుగు ముందుకు వేయకండి. కూర్చోబెట్టి 108ని పిలవండి.

ఆలోచించండి

* మొదట చెప్పిన ముగ్గురు స్నేహితులు ఎక్కడెక్కడ వెనక్కి తిరిగి ఉండవలసింది?
* పొంతన లేని మాటలు విన్నప్పుడు మీరైతే మొదట ఏమి చేస్తారు?
* మీ ఇంట్లో గొర్రెలు, మేకలు తోలుకుని గుట్టకు వెళ్లేవారు ఎన్ని గంటలకు తిరిగి వస్తున్నారు?

ఈ పాఠం చదవడం రానివారికి చదివి వినిపించండి. గుట్ట రేపూ అక్కడే ఉంటుంది, వెనుదిరిగినవారు మరొకరోజు ఎక్కవచ్చు.