ఎనిమిదిలోనే రాయాల్సిన పరీక్ష

ప్రశ్న: మా అమ్మాయి జడ్పీ హైస్కూల్లో ఎనిమిదో తరగతి. నాది కౌలు సేద్యం. ఇంటర్‌కి స్కాలర్‌షిప్ రావాలంటే ఏం చేయాలి?
– ఒక తండ్రి, కంకిపాడు

జవాబు: సరైన సమయంలో అడిగారు. ఎన్‌ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్) పరీక్ష రాయించండి. ఈ ఏడాది దాటితే మళ్లీ అవకాశం ఉండదు. ఏడులో 55 శాతం మార్కులు, ఏటా 3.5 లక్షల లోపు కుటుంబాదాయం ఉంటే చాలు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. ఇంటర్‌లోనూ అందాలంటే పదిలో 60 శాతం రావాలి. మార్కుల్లో ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు ఉంది. అయితే ఒక మెలిక. పదిలో మంచి మార్కులొచ్చాయని విజయవాడ కార్పొరేట్ కాలేజీలో చేర్పిస్తే ఆ డబ్బు ఆగిపోతుంది. ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీలకే ఇది. ఆదాయ ధ్రువీకరణ పత్రానికి సచివాలయంలో ఇప్పుడే అర్జీ పెట్టండి. ఆధార్‌లో, బడి రికార్డులో పాప పేరు అక్షరం తేడా లేకుండా ఉందో లేదో హెడ్‌మాస్టర్ గారి దగ్గర చూసుకోండి.