నల్లద్దం పెట్టుకోలేదని పరిహారం ఆగదు

"అద్దం పెట్టుకోమన్నాం, వినలేదు. తప్పు వాడిదే." తాడేపల్లిగూడెం రైస్ మిల్లులోనో, కైకలూరు వైపు చెరువు గట్టున ఏరియేటర్ ఫ్రేముకు వెల్డింగ్ కొడుతూనో కుర్రాడికి ఏదైనా జరిగితే యజమాని నోట ముందు వచ్చే మాట ఇదే. చాలా కుటుంబాలు ఆ మాటకే తలవంచి ఇంటికొచ్చేస్తాయి.

ఉద్యోగుల పరిహార చట్టం 1923 నాటిది. 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా స్మృతిలో కలిసినా మూలసూత్రం మారలేదు. పనిలో ఉండగా, ఆ పని వల్ల ప్రమాదం జరిగితే యజమాని తప్పుందా లేదా అని చూడరు. కార్మికుడు తాగి పనిలోకి దిగితే, భద్రతా నియమాన్ని కావాలని ధిక్కరిస్తే, ఇచ్చిన రక్షణ పరికరాన్ని తెలిసి తీసేస్తే మాత్రం యజమాని తప్పించుకోవచ్చు. అయితే మనిషి పోయినా, శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితికి వచ్చినా ఈ సాకులు కూడా చెల్లవు. అయినా షీల్డు, గ్లౌజులు కొనివ్వనివాడు "పెట్టుకోలేదు" అని ఏ మొహంతో అంటాడు?

కొల్లేరు వైపు నాకు వెల్డింగ్ వెలుగు కంటే తడి అంటేనే ఎక్కువ భయం. మిషన్ ఆన్‌లో ఉండి ఆర్క్ పడనప్పుడు హోల్డర్ దగ్గర సుమారు 80 వోల్టులు ఉండొచ్చు. పొడి నేల మీద చురుక్కుమనిపించి వదిలే ఆ కరెంటే, చెమటకు తడిసిన చొక్కాతో గట్టు బురదలో మోకాళ్ల మీద కూర్చుని ఉత్తచేత్తో రాడ్డు మార్చేవాడి ప్రాణం తీయగలదు. కింద పొడి చెక్క వేసుకోండి. రాడ్డు మార్చేటప్పుడు కూడా తోలు గ్లౌజు తీయొద్దు. ఎర్త్ క్లాంపును వెల్డింగ్ చేసే ఇనుముకే, దగ్గర్లో బిగించండి. అతుకుల వైరుతో అసలు పని మొదలుపెట్టొద్దు.

రోజుకూలీ అయినా హక్కు హక్కే. క్యాజువల్ కూలీలకు వర్తించదన్న మినహాయింపు 2000లోనే పోయింది. తన వ్యాపారంలో మామూలుగా భాగమైన పనిని కాంట్రాక్టుకిచ్చిన మిల్లు యజమానీ బాధ్యుడే. ఇంటి గేటు పని చేయించుకున్న గృహస్థును మాత్రం ఇలా పట్టుకోలేం, పంపిన షాపు యజమానినే అడగాలి. సొంత షాపులో తానే వెల్డింగ్ చేసుకునే మేస్త్రికి ఈ చట్టం అక్కరకు రాదు. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా అయినా బ్యాంకులో కట్టుకోవాలి.

అద్దం లేకుండా వెల్డింగ్ చేస్తే పగలంతా బాగానే ఉండి, అన్నం తిని పడుకున్నాక కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. నాటువైద్యం ఏదీ కళ్లలో పోయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఏ రోజు, ఎక్కడ వెల్డింగ్ చేశారో చీటీలో రాయించుకోండి. ఈ మంట సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. పని చేయలేని స్థితి మూడు రోజులు దాటితే తప్ప చట్టం పరిహారమివ్వదు, కాబట్టి దీనికి డబ్బు వస్తుందని ఆశ పెట్టను. చూపే దెబ్బతింటే మాత్రం ఆ మొదటి డాక్టర్ చీటీయే మీ సాక్ష్యం.

అన్నిటికంటే ఎక్కువ నష్టం పెద్దమనుషుల పంచాయితీలో. శవం ఇంట్లో ఉండగానే లక్షో రెండో ఇప్పించి స్టాంపు పేపరు మీద సంతకం పెట్టిస్తారు. 2020 జనవరి నాటి నెలకు 15,000 రూపాయల వేతన పరిమితితో లెక్కేస్తే, 30 ఏళ్ల వెల్డర్ చనిపోతే ఆ వేతనంలో సగాన్ని ఆ వయసుకు నిర్ణయించిన 207.98తో హెచ్చించాలి: 15,59,850 రూపాయలు. మరణ పరిహారాన్ని కార్మిక శాఖ అధికారి దగ్గరే జమ చేయాలి. నేరుగా కుటుంబం చేతికిచ్చింది సాధారణంగా పరిహారం కింద లెక్కకు రాదు, హక్కు వదులుకున్నామన్న సంతకమూ చెల్లదు.

క్లెయిముకు గడువు రెండేళ్లు. ప్రమాదం ఏలూరులో జరిగి, కుటుంబం తాడేపల్లిగూడెంలో ఉంటే తాము ఉండే చోటి పరిధిలోనే వేసుకోవచ్చు. వకీలు ఖర్చుకు భయపడేవారు 15100కు ఫోన్ చేసి న్యాయ సేవాధికార సంస్థ సాయం అడగండి.