పాకంలో గాజు పాఠం

తెలుగు బోధించే మాకు గాజుతో ఏమి పని అని విద్యార్థులు అడగవచ్చు. ఉర్దూలో షీషా వేరు, చూడీ వేరు. తెలుగులో కిటికీకి బిగించేదీ గాజే, చేతికి తొడిగేదీ గాజే. ఈ మాటను వివరించబోయి, విశాఖపట్టణం ఫిషింగ్ హార్బర్ సమీపాన ఒక పాఠశాలలో కొన్ని శనివారాలు పిల్లలతో గడిపాము.

గాజు అంటే ఏమిటని అడిగితే "పగిలేది" అన్నారు పిల్లలు. మరి వేటకు వెళ్లే ఫైబరు పడవ దేనితో చేస్తారన్నాము. "ప్లాస్టిక్కుతో" అన్నారు. అది సత్యంలో ఒక భాగమే. ఆ ప్లాస్టిక్కు నడుమ గాజుపీచు ఉన్నది.

ఇసుకలోని సిలికా కరగడానికి సుమారు 1,700 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. సోడా చేర్చి ఆ వేడిని తగ్గించినా అది కొలిమి పనియే, బడిలో సాధ్యం కాదు. కనుక పంచదారను ఆశ్రయించాము. రెండు పాళ్ల పంచదారకు ఒక పాలు నీరు పోసి, కొద్దిగా నిమ్మరసం పిండి, 150 డిగ్రీల వరకు కాచి, నూనె రాసిన పళ్లెంలో పోశాము. మరిగే పాకం నీటికంటె ఘోరంగా కాలుస్తుంది. కాబట్టి ఆ పని మాదే, పిల్లలు దూరంగా ఉండి చూశారు.

చల్లారగా పారదర్శకమైన పలక ఏర్పడింది. పంచదార అణువులు బారులు తీరితే పటికబెల్లం, అనగా స్ఫటికం. బారులు తీరే వ్యవధి లేక ఎక్కడివక్కడ బిగిసిపోతే గాజు. నిమ్మరసం ఆ బారులను అడ్డుకొంటుంది.

బీచిలో అమ్మే పీచుమిఠాయి కూడ ఈ జాతిదే. కరిగిన పంచదార సన్నని రంధ్రాల గుండా ఎగిరి, గాలిలో బిగిసిన పోగు అది. పడవకు వాడే గాజుపీచును సైతం కరిగిన గాజును సన్నని రంధ్రాల గుండా లాగియే తీస్తారు. గాజుపోగు సన్నబడిన కొద్దీ దాని పటుత్వం పెరుగుతుందని 1921లో ఆంగ్లేయుడైన గ్రిఫిత్ ప్రయోగపూర్వకంగా చూపాడు. కంటికి కనబడని గాట్ల వద్దనే పగులు మొదలవుతుంది. సన్నని పోగులో పెద్ద గాటుకు చోటుండదు.

తరువాత రెండు పాకం పలకలు పోశాము. ఒకదానిలో పలుచని నూలుగుడ్డ పరచాము. సుత్తితో కొట్టగా మొదటిది ముక్కలయింది. రెండవది చిట్లినా విడిపోలేదు. పడవలో పీచు గాజు, దానిని పట్టి ఉంచేది ప్లాస్టిక్కు. మా పలకలో పీచు నూలు, పట్టి ఉంచేది పాకం. పదార్థాలు మారినా సూత్రమొక్కటే.

అప్పుడొక బాలుడు మోచేతి మీది దద్దుర్లు చూపి, "పడవ రుద్దినప్పుడల్లా దురద, మాస్టారూ. ఉప్పునీటి వల్ల అనుకున్నాను" అన్నాడు. సెలవులలో పడవల మరమ్మతుకు పోతాడట. విరిగిన గాజుపోగులు చర్మంలో గుచ్చుకొంటాయనీ, ఆ దుమ్ము గొంతుకు చేటనీ వివరించాము. అది పిల్లలు చేయదగిన పని కాదనీ, పెద్దలైనా నిండుచేతుల చొక్కా, చేతితొడుగులు, ముక్కుకు మాస్కు లేనిదే చేయరాదనీ ఇంట్లో చెప్పమన్నాము. మరుసటి శనివారం వాని తండ్రి స్వయంగా వచ్చి, ఆ మాస్కు ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.

విద్యార్థులారా, పాఠం ఇల్లు చేరడమంటే ఇదే. దీనికి కావలసినది ఒక పొయ్యి, వేడి కొలిచే పరికరం, రెండు కిలోల పంచదార. కళాశాల కమిటీవారు ఈ స్వల్ప వ్యయం భరించి, సైన్సు విద్యార్థులను మాతో పంపితే, హార్బరులోని మరికొన్ని బడులకు ఈ పాఠం చేరగలదు.