ఆదరణ కూడిక అయిపోయాక

భూస్థాపన రోజు వాడరేవులో ఆ ఇంటి ముందు కాలు పెట్టే చోటుండదు. చీరాల నుంచి, వేటపాలెం నుంచి, బాపట్ల నుంచి చుట్టాలొస్తారు. పాస్టరుగారు వాక్యం చెబుతారు. స్త్రీల సమాజం వాళ్లు పాడతారు. కొన్నాళ్లకు ఆదరణ కూడిక పెడతారు, భోజనాలవుతాయి, మర్నాడు షామియానా విప్పేస్తారు. భర్త పోయిన మనిషికి అసలు కష్టం అక్కణ్నుంచి మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే మనం కనపడకుండా పోతాం.

ముందు ఒక మాట మానేద్దాం. "ఏడవకమ్మా, ఆయన ప్రభువు దగ్గరున్నాడు" అంటాం. ఓదార్చామనుకుంటాం. ఆవిడకది నోరు మూయించినట్టుంటుంది. కాసేపట్లో లాజరును లేపబోతూ కూడా యేసు ఆ సమాధి దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నాడని యోహాను సువార్త చెబుతోంది. పునరుత్థానం మీద నమ్మకం ఆయనకన్నా మనకే ఎక్కువా? ఏడవనివ్వండి. కీర్తన మధ్యలో ఆమె గొంతు పూడుకుపోతే మిగతా చరణం మీరు పాడండి.

నయోమి సంగతి చూడండి. రూతు గ్రంథం నాలుగే అధ్యాయాలు. మోయాబులో భర్తనీ, ఇద్దరు కొడుకుల్నీ పోగొట్టుకుని బేత్లెహేముకు తిరిగొచ్చిన ఆ పెద్దావిడ, దేవుడు నాకు చేదే మిగిల్చాడని పలకరించిన ఆడవాళ్ల ముందే అనేసింది. అలా అన్నందుకు బైబిలు ఆమెను ఎక్కడా మందలించదు. వెంట వచ్చిన కోడలు రూతు కూడా భర్త పోయినదే. ఆ పిల్ల అత్తకు ప్రసంగం చేయలేదు. కోతకోసే చేలకు వెళ్లి పరిగె ఏరింది. మధ్యాహ్నం తనకు పెట్టినదాంట్లో కడుపుకు సరిపడా తిని, మిగిలింది అత్త కోసం దాచి తెచ్చింది. పత్తితీతకీ, మిరపకోతకీ వెళ్లొచ్చే మన ఆడవాళ్లకు ఈ కథను ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

కాబట్టి కొడుకులూ, కోడళ్లూ, ముందు పనులు చూడండి. మరణం 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ఆ ధ్రువపత్రం లేకపోతే ఏ కాగితమూ కదలదు. అర్హత ఉంటే వితంతు పింఛను నెలకు 4,000 రూపాయలు వస్తుంది. వేటలో ప్రమాదం జరిగి పోయినవాళ్లకైతే మత్స్యకారుల ప్రమాద బీమా 5 లక్షలు, అది మత్స్యశాఖ ద్వారా అడగాలి. తిరగడం మీరు తిరగండి. సంతకం దేనికి పెడుతోందో మాత్రం ఆమెకు తెలియాలి. పాసుపుస్తకం ఆమె దగ్గరే ఉండాలి.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. ప్రేమ పేరుతో అన్నీ లాగేసుకుంటాం. "ఇంక నువ్వు గంప ఎత్తొద్దమ్మా, కూర్చో" అంటాం. ఇన్నేళ్లు తెల్లారుజామున వల దగ్గర బేరమాడి, చీరాల మార్కెట్లో అమ్మి, ఇంటి లెక్క చూసిన మనిషి ఆమె. భర్త పోయాడు, పనీ పోతే ఇంకేం మిగులుతుంది? ఒంట్లో ఓపికుంటే వెళ్లనివ్వండి. మార్కెట్లో పక్క గంపావిడ పలకరింపు కూడా మందే. భార్య పోయిన మగవాడి పరిస్థితి వేరు. ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియదు, ఏడవడం అంతకన్నా తెలియదు, సాయంత్రానికి సీసా దొరుకుతుంది. అతన్ని ఒంటరిగా తిననివ్వకండి.

తోడు పోయినా పని ఆగనక్కర్లేదనడానికి మన జిల్లాల క్రైస్తవ చరిత్రలోనే సాక్ష్యాలున్నాయి. 1842 జులై 31న గుంటూరులో అడుగుపెట్టిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ అప్పటికి భార్యను పోగొట్టుకుని మూడేళ్లయింది. వయసు యాభైకి దగ్గర. ఒంగోలులో పనిచేసిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు 1910లో కన్నుమూశారు. 1878 జులై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందింది ఆయన సేవలోనే. ఆయన చెబుతుండగా జీవితకథను కాగితం మీద పెట్టింది భార్య ఎమ్మా. భర్త పోయాక ఆమె ఆ కాగితాలను పెట్టెలో పెట్టి తాళం వేయలేదు. 1914లో పుస్తకంగా వేయించింది. హయ్యర్‌లా సముద్రాలు దాటమని ఎవరికీ చెప్పను. నాకు ఎమ్మా దారే నచ్చుతుంది. పోయినవాళ్లు సగంలో వదిలిన పని ఏదో ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. కట్టాల్సిన అప్పు కావచ్చు, చదివించాల్సిన మనవరాలు కావచ్చు.

సంఘానికీ ఒక మాట. ఆదివారం విధవరాళ్ల కోసం ప్రార్థన చేస్తాం. అదే వారం పెళ్లిలో నలుగు పెట్టే వేళకు విధవరాలైన తల్లిని వెనక్కి జరగమంటాం. అందరిళ్లలో కాదు, కానీ చాలా ఇళ్లలో. ఇది ఏ సువార్తలో ఉందో చూపించండి. తల్లి చేత్తోనే మొదటి నలుగు పెట్టించండి.

దుఃఖం తేదీలు చూసుకుని వస్తుంది. మొదటి క్రిస్మస్, పెళ్లిరోజు, నవంబరు 2న సమాధుల పండుగ. మన తీరంలో ఇంకోటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. అన్ని ఇళ్లలో మగవాళ్లు అరుగుల మీదుంటారు, ఒక్క ఇంట్లో తప్ప. ఆ రెండు నెలలు ఆ ఇంటికి తరచుగా వెళ్లండి.

నెలలు గడిచినా తిండీ, నిద్రా లేకపోతే, చచ్చిపోతే బాగుండునంటుంటే ప్రార్థనతో సరిపెట్టకండి. డాక్టరుకు చూపించండి. టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. మందు వాడితే విశ్వాసం తగ్గినట్టు కాదు.

ఈ ఏడాది మీ సంఘంలో ఎవరి ఇంట్లో భూస్థాపన జరిగింది? ఈ వారం ఆ ఇంటికి వెళ్లండి. ఇంత కూర పట్టుకెళ్లండి. వాక్యం తర్వాత చెప్పొచ్చు, ముందు పోయినాయన గురించి అడిగి వినండి.