మిషన్‌తో లాగిస్తే డిస్క్ లోపలికి పోతుందా?

ప్రశ్న: చెరకు మోపులు ఎత్తీ ఎత్తీ నడుము పట్టేసింది. రెండు నెలలుగా కుడికాలు పిక్క దాకా గుంజుతోంది. ఎమ్మారైలో డిస్క్ జారిందన్నారు. ఆపరేషన్ లేకుండా డీకంప్రెషన్ మిషన్‌తో ఇరవై సిట్టింగుల్లో తగ్గిస్తామని ఒక సెంటర్లో చెప్పారు. పైసలు కట్టాలా?
– ఒక రైతు, బోధన్ మండలం

జవాబు: కట్టకండి, ముందుగా ప్యాకేజీ మొత్తమైతే అసలే వద్దు. బెల్టులు బిగించి, కంప్యూటర్ లెక్కన నడుమును లాగి వదలడమే ఆ మిషన్ పని. పాత ట్రాక్షన్‌కు కొత్త హంగు. లాగినంతసేపు కొందరికి హాయిగానే ఉంటుంది. అయితే ట్రాక్షన్‌తో పెద్ద తేడా లేదని పరిశోధనలన్నీ కలిపి చూసిన 2013 నాటి కొక్రేన్ సమీక్ష తేల్చింది. నడుము నొప్పికి అది వద్దని 2016లో బ్రిటన్ ఆరోగ్య సంస్థ నైస్ మార్గదర్శకాలు చెప్పాయి. మెడ విషయంలోనూ ఆధారాలు బలహీనమే.

జారిన డిస్క్ చాలామందిలో తనంతట తానే కుంచించుకుపోతుంది. కాలు గుంజడం నెమ్మదించడానికి కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఇరవై సిట్టింగులూ ఆలోపే అయిపోతాయి, పేరు మిషన్‌కు వస్తుంది!

మంచం పట్టకుండా రోజూ కొంత నడవండి. నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో ఎముకల డాక్టరుకు చూపించి, వ్యాయామాలు నేర్చుకోండి. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడినా మోపు బరువు తగ్గలేదు కదా. చిన్న మోపులు కట్టి, మోకాళ్లు వంచి, ఒంటికి ఆనించి ఎత్తండి. ట్రాలీలోకి వేసేటప్పుడు నడుము తిప్పకుండా పాదాలు తిప్పండి.

తొడల మధ్య తిమ్మిరి, మూత్రం ఆగడం, పాదం వాలిపోవడం కనిపిస్తే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.