విజయలక్ష్మీ రవీంద్రనాథ్: అల్జీమర్స్ మూలాల వేట

ఇచ్ఛాపురం, టెక్కలి నుంచి విశాఖ వెళ్లి చదువుకునే పోటీ పరీక్షల అభ్యర్థులకు ఈ పేరు మరీ దగ్గరిది. నాడీశాస్త్రవేత్త విజయలక్ష్మీ రవీంద్రనాథ్ బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివింది విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే. 1981లో మైసూరు విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ పొందారు. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రానికి వ్యవస్థాపక డైరెక్టర్. భట్నాగర్ పురస్కారం 1996, పద్మశ్రీ 2010.

అల్జీమర్స్ రోగుల మెదడులో అమిలాయిడ్ బీటా పేరుకుంటుంది. దాంతో రక్షక కణాలైన మైక్రోగ్లియా రెచ్చిపోతాయి. అలా పుట్టే వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఆగకుండా సాగితే నాడీకణాలు దెబ్బతింటాయి. 2012లో ఆమె బృందం ఎలుకలకు అశ్వగంధ సారం ఇచ్చింది. అది కాలేయంలో ఎల్‌ఆర్‌పీ ప్రోటీన్‌ను పెంచి, మెదడులోని అమిలాయిడ్‌ను రక్తంలోకి లాగింది. మెదడు జబ్బుకు కాలేయం నుంచి దారి దొరకడం నిజంగా అద్భుతం! అయితే ఇది ఎలుకల్లో వచ్చిన ఫలితమే, మనుషులకు రుజువైన చికిత్స కాదు. ప్రశ్నపత్రంలో ఈ తేడానే అడగొచ్చు.