ఓపీ చీటీకి పది రూపాయలు పెడితే

అమ్మలూ,

ప్రభుత్వాసుపత్రిలో ఓపీ చీటీకి రుసుము పెట్టకూడదనే నేనూ అంటాను. సెమినార్‌లో క్లాసంతా ఒకవైపు, నువ్వొక్కదానివే ఇంకోవైపు నిలబడ్డావని బెంగ పెట్టుకున్నావు. దానికి బెంగెందుకు? నాకు కోపం వచ్చింది వేరేదానికి. "పేదవాళ్లు పాపం కదా" అని జవాబు చెప్పి కూర్చున్నావట! అవతలివాడు మోరల్ హజార్డ్ అంటే నువ్వు జాలి అన్నావు. లెక్కలు చూసే క్లాసులో ఇక ఎవరి మాట నిలుస్తుంది? మీ నాన్నా ఇంతే, చిన్నప్పటినుంచీ న్యాయం తనవైపు ఉందని రుజువులు తెచ్చుకునేవాడు కాదు.

వాళ్లు చెప్పినవి రెండు వేరువేరు సంగతులు. ఊరికే ఇస్తే అవసరం లేనివాళ్లూ వచ్చి వరస కడతారన్నది ఒకటి. ఊరికే వచ్చినదాన్ని సరిగ్గా వాడరన్నది రెండోది. ఫ్రీగా వస్తే ఫినాయిల్ అయినా తాగుతారని మనవాళ్లు రెంటినీ కలిపి ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నువ్వు మాత్రం విడదీయాలి. రెండూ పరీక్ష పెట్టి చూడదగ్గవే, పెట్టి చూశారు కూడా.

పశ్చిమ కెన్యాలో గర్భిణుల క్లినిక్కుల్లో జెస్సికా కోహెన్, పాస్కలిన్ డ్యూపా దోమతెరలతో చేసిన పని చదివావా? 2010లో అచ్చయింది. ఏ క్లినిక్‌లో ఏ ధర పెట్టాలో యాదృచ్ఛికంగా నిర్ణయించారు. కొన్నిచోట్ల ఉచితం, మిగతాచోట్ల కొద్దికొద్దిగా ధర. అన్నింటికన్నా ఎక్కువ ధర 60 సెంట్లు, అప్పటికీ 90 శాతం సబ్సిడీ ఉన్నట్టే. ఆ 60 సెంట్లకే తెర తీసుకున్నవాళ్ల వాటా 60 శాతం పాయింట్లు పడిపోయింది. తర్వాత ఇళ్లకు వెళ్లి చూశారు. ఊరికే తెచ్చుకున్నవాళ్లు డబ్బిచ్చి కొన్నవాళ్లకన్నా తక్కువ వాడుతున్నారా అంటే, లేదు. పోనీ, డబ్బిచ్చి కొన్నవాళ్లు మలేరియా బెడద ఎక్కువగా ఉన్నవాళ్లేమో? మలేరియాకు గుర్తుగా రక్తహీనత పరీక్ష చేసి చూస్తే అదీ కనపడలేదు. ధర జనాన్ని జల్లెడ పట్టిన మాట నిజమే. కానీ ఆ జల్లెడలో నిలిచినవి పర్సులు, రోగాలు కాదు.

అన్నిచోట్లా ఇలాగే జరిగిందని రాసెయ్యకు. జాంబియా రాజధాని లుసాకాలో నీళ్లలో కలిపే క్లోరిన్ మందుతో నావా అష్రఫ్ బృందం చేసిన ప్రయోగంలో, ఎక్కువ ధరకైనా కొంటామన్నవాళ్లు నిజంగానే ఎక్కువగా వాడారు. డబ్బు చెల్లించడం వల్లనే వాడకం పెరుగుతుందన్నదానికి మాత్రం అక్కడా ఆధారం దొరకలేదు. ఇది నీకు అనుకూలంగా లేదని వదిలేశావంటే, ప్రశ్నల సమయంలో ఎవరో ఒకరు పట్టుకుంటారు. నువ్వే ముందు చెప్పు.

ఇక నా పాత పాట. మీ పెద్దమ్మ ఈ మాట ఎత్తగానే లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది, నువ్వు మాత్రం చదవక తప్పదు. ఆసుపత్రి రిజిస్టర్‌లో వచ్చినవాళ్ల పేర్లే ఉంటాయి. రుసుము పెట్టాక ఓపీ తగ్గితే, "చూశారా, అనవసరపు రద్దీ పోయింది" అని రిపోర్టు రాస్తారు. పోయింది అనవసరమైనదో అవసరమైనదో ఆ రిజిస్టర్ ఎలా చెబుతుంది? ఇల్లు కదలని ముసలాయన దగ్గు అందులో ఎక్కడుంది? విధానాలు రాసేవాళ్ల ముందు వచ్చినవాళ్ల పట్టికే ఉంటుంది. రానివాళ్ల లెక్క కావాలంటే ఇల్లిల్లూ తిరగాలి, లేదంటే అమెరికాలో జోసెఫ్ న్యూహౌస్ నడిపిన ర్యాండ్ ప్రయోగంలాంటిది చెయ్యాలి. 1974 నుంచి 1982 దాకా వేలమందిని రకరకాల బీమా పథకాల్లో పెట్టి చూశారు. ఒక పరిమితి దాకా ఖర్చులో 95 శాతం జేబులోంచి పెట్టుకోవాల్సినవాళ్లు, అంతా ఉచితంగా ఉన్నవాళ్లకన్నా వైద్యం మీద ముప్ఫై శాతం దాకా తక్కువ ఖర్చు చేశారు. మీ క్లాసువాళ్లు ఇక్కడితో ఆపి చప్పట్లు కొట్టి ఉంటారు. తర్వాతి పేజీ చూడమను. జనం పనికొచ్చే వైద్యాన్నీ, పెద్దగా పనికిరానిదాన్నీ ఇంచుమించు ఒకే మోతాదులో మానుకున్నారు. ఏది అవసరమో రోగికి ఎలా తెలుస్తుంది? అది తెలిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లడమెందుకు? సగటు మనిషి ఆరోగ్యంలో పెద్ద తేడా రాని మాట నిజమే. కానీ పేదవాళ్లలో బీపీ ఉన్నవాళ్లకు, ఉచిత వైద్యం అందినచోట బీపీ మెరుగ్గా అదుపులో ఉంది. సగటు చూసి సంబరపడేవాళ్లకు ఇది వినిపించు.

అసలు మన పీహెచ్‌సీలో చీటీ ఉచితమైనంత మాత్రాన రాక ఉచితమా? ఆ పూట కూలి పోతుంది, ఆటోకి ఇవ్వాలి, తోడు వచ్చినవాళ్ల కూలీ పోతుంది. నీ సెమినార్ పది రూపాయలు వీటన్నిటి మీదా అదనం. ఉదయ్‌పూర్ దగ్గర పల్లెల్లో సేవామందిర్ సంస్థతో కలిసి ఆర్థికవేత్తలు బెనర్జీ, డ్యూఫ్లో వాళ్లు చేసిన టీకాల పని ఇందుకే నాకు ఇష్టం. మామూలు పల్లెల్లో టీకాలన్నీ పూర్తయిన పిల్లలు 6 శాతం. ప్రతి నెలా తప్పకుండా శిబిరం పెట్టినచోట 18. శిబిరంతోపాటు టీకా వేయించినప్పుడల్లా కిలో పప్పు, అన్నీ పూర్తయితే కంచాల సెట్టు ఇచ్చినచోట 39. లంచమిచ్చి టీకాలా అని మీవాళ్లు ముక్కు మీద వేలేసుకుంటారు. ఖర్చు చూడమను: పప్పు ఇచ్చినచోట ఒక్కో బిడ్డకు టీకాలు పూర్తిచేయడానికి అయినది, పప్పు ఇవ్వనిచోట అయినదాంట్లో దాదాపు సగం! నలుగురు పిల్లలొచ్చినా నలభైమంది వచ్చినా నర్సు జీతం ఒకటే కదా.

రుసుము తీసేస్తే చాలనుకునే తెలివితక్కువ కూడా ఒకటుంది, అది నీలో కొంచెం కనిపిస్తోంది. 2001లో ఉగాండాలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో రుసుములు ఎత్తేశారు. పేదల రాక బాగా పెరిగింది. కానీ వైద్యం ఖర్చుతో చితికిపోయే పేద కుటుంబాల వాటా తగ్గలేదు. ఆసుపత్రిలో మందులు నిండుకుంటే బయట కొనుక్కోవాల్సి రావడం ఒక కారణం. చీటీ ఉచితం, మందు బజార్లో!

మన వీధి చివర మందుల షాపులో సాయంత్రం కాసేపు నిలబడి చూడు. ఒకావిడ వచ్చి మడతలు పడ్డ చీటీ తీస్తుంది. షాపతను నెలకు సరిపడా సుగర్ బిళ్లల స్ట్రిప్పులు బల్ల మీద పెడతాడు. "ఐదు రోజులకే ఇవ్వు నాయనా" అంటుంది. అతను కత్తెర తీసి స్ట్రిప్పును అడ్డంగా కత్తిరిస్తాడు. ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క ఒక్కోసారి షాపులోనే ఉండిపోతుంది. రెండుపూటలా వేసుకోమన్న బిళ్లను ఆవిడ పొద్దున పూట మాత్రమే వేసుకుంటుంది, ఐదు రోజులవి పది రోజులొస్తాయని. ఇది ఏ సర్వేలో ఏ గడిలోకి వస్తుందో చెప్పు చూద్దాం.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు నేనూ సంతోషించాను, ఇప్పుడూ తక్కువ చెయ్యను. తెల్లకార్డు పట్టుకుని కార్పొరేట్ ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చినవాళ్లు మన చుట్టాల్లోనే ఉన్నారు. అప్పట్లో 2 లక్షలున్న పరిమితి 2023 డిసెంబరులో తెలంగాణలో 10 లక్షలైంది, అదే నెలలో ఆంధ్రాలో 25 లక్షలైంది. పరిమితి పెరిగితే పేపర్లో మొదటి పేజీ వార్త. కత్తెర పట్టించిన ఆవిడకు దానివల్ల ఒక్క బిళ్ల అదనంగా రాలేదు. మన దేశంలో జనం జేబులోంచి పెట్టే వైద్యం ఖర్చులో పెద్ద భాగం ఇలాంటి మందులది, ఓపీది. ఆ సుగర్ బిళ్లలు ఏళ్లపాటు సగంసగం మింగితే కిడ్నీ దెబ్బతిని, అప్పుడు పరిమితితో పని పడుతుంది. ప్రభుత్వం అప్పుడు కట్టే సొమ్ములో ఎన్నేళ్ల బిళ్లలు వస్తాయో లెక్క వెయ్యి. నీ పేపరుకు ఇదొక్కటే పట్టిక చాలనిపిస్తుంది నాకు.

పరిష్కారం ఏమిటని అడుగుతారు. తమిళనాడు చూపించు. 1990ల మధ్యలో అక్కడ మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ పెట్టి, అవసరమైన మందుల జాబితా ఒకటి గీసి, జెనరిక్ పేర్లతో టెండర్లు పిలిచి రాష్ట్రమంతటికీ ఒకేచోట కొనడం మొదలుపెట్టారు. ప్రతి ఆసుపత్రికీ ఒక పాస్‌బుక్కు. ఏడాదికి ఇంత విలువ మందులు తీసుకోవచ్చు, తీసుకున్నప్పుడల్లా అందులో రాస్తారు. గోదాములో ఏముందో, ఎక్కడ ఖాళీ అవుతోందో కంప్యూటర్లో కనిపిస్తుంది. సెమినార్‌లో చెప్పడానికి చప్పగా ఉంటుందని నాకూ తెలుసు. టెండర్ల మీద పీహెచ్‌డీ చేస్తానంటే మీ గైడు ఆవలిస్తాడు. ఆవలించనీ.

డ్యూపా 2014లో రాసిన ఇంకో పేపరుంది: ముందు దాదాపు ఊరికే దోమతెర అందినవాళ్లు, ఏడాది తర్వాత ధర పెట్టి అమ్మితే కొనడానికి మిగతావాళ్లకన్నా ఎక్కువగా ముందుకొచ్చారు. "ఒకసారి ఉచితమిస్తే ఎప్పటికీ ఉచితమే అడుగుతారు" అని ఎవరన్నా లేచి అంటారు, తప్పకుండా అంటారు. అప్పుడది తియ్యి. ఆదివారం లోపల చదివి ఫోన్ చెయ్యి, రాత్రి తొమ్మిది దాటితే నేను ఎత్తను. పట్టికలో డాలర్లు అలాగే వదిలెయ్యకుండా రూపాయల్లోకి మార్చు, ఏ ఏడాది రూపాయో కింద రాయడం మరిచిపోకు.

ఆశీస్సులతో,
పెదనాన్న